ఆడపిల్లల సెక్షన్‌లో ల్యాబ్

మదార్బీ కడపలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది. పెళ్లయ్యాక కొన్నాళ్లు రాయచోటిలో పాఠాలు చెప్పి, తర్వాత ఇద్దరు పిల్లల్ని తీసుకుని జెద్దాలో ఉన్న భర్త దస్తగిరి దగ్గరికి వెళ్లిపోయింది. దస్తగిరి రేవు దగ్గర ఒక గోదాములో స్టోర్‌కీపర్. అతని ఇఖామా, అంటే నివాస అనుమతి, మీద వచ్చిన భార్యకు అక్కడ ఉద్యోగం చేసే అనుమతి లేదు. అయినా వాళ్ల వీధి చివరున్న ఇండియన్ స్కూల్లో ఆమెను టీచరుగా తీసుకున్నారు. తక్కువ ఫీజుల స్కూలు అది. అక్కడి టీచరమ్మల్లో చాలామంది అలా చేరినవాళ్లే. తనిఖీకి ఎవరైనా వస్తే వెనక గేటు గుండా పంపేసి స్కూలు వ్యానులో కూర్చోబెట్టేవారు. అది వాళ్లందరికీ అలవాటైపోయింది.

మగపిల్లల భవనంలో చిన్నదో పెద్దదో ఒక ల్యాబ్ ఉండేది. ఆడపిల్లల సెక్షన్‌లో అదీ లేదు. ప్రయోగాలన్నీ పుస్తకంలో చదువుకుని బొమ్మలు గీయడమే. పదో తరగతి అయ్యాక కామర్స్ ఒక్కటే దిక్కు. సైన్స్ చదవాలంటే పెద్ద ఫీజుల స్కూలుకు వెళ్లాలి. అంత తాహతు వీళ్లలో ఎవరికీ లేదు.

ఆ రోజుల్లో ఉదయకిరణ్ అనే ఇంజినీరు, నెల్లూరువాడు, కొందరు మిత్రులతో కలిసి గణిత విజ్ఞాన మిత్రులు అని ఒక చిన్న సంఘం పెట్టాడు. సెలవు రోజుల్లో ఇలాంటి స్కూళ్లకు తిరిగి లెక్కలూ సైన్సూ చేతులతో చేయించి నేర్పడం వాళ్ల పని. అయితే ఆడపిల్లల గేటు దాటి మగవాళ్లు లోపలికి వెళ్లకూడదు. పరికరాల పెట్టెలు గేటు దగ్గర దించి, ఉదయకిరణ్ మదార్బీతో అన్నాడు.

"మేం లోపలికి రాలేం గదమ్మా. మీరైతే నేర్పించగలరు. ఏం కావాల్నో చెప్పండి, తెచ్చిపెడతాం."

"ఒక గది కావాల, సార్. గది ఇప్పించండి, మిగతాది నేను చూసుకుంటా," అంది మదార్బీ.

పాత సామాన్లు వేసుకునే గది ఒకటి ఖాళీ చేయించారు. ఎనిమిదో తరగతి పిల్లలు మొట్టమొదటిసారి లిట్మస్ కాగితం రంగు మారడం కళ్లారా చూశారు. వాళ్లలో సృజన ఒకతి. తండ్రి లింబాద్రిది ఆర్మూరు దగ్గర పల్లె. ఒక ఆసుపత్రిలో ఏసీలు చూసే సూపర్‌వైజర్. ఆ పిల్ల కాగితాన్ని మళ్లీ మళ్లీ ముంచి చూసి అడిగింది.

"టీచర్, గిది ఎప్పుడు జేసినా గిట్లనే అయితదా?"

"చేసి చూడు," అంది మదార్బీ.

సృజన పదో తరగతికి వచ్చేసరికి ప్రిన్సిపాల్ మేరాజ్ బేగం గదిలో మదార్బీ పోరు మొదలైంది. ప్లస్ వన్‌లో ఆడపిల్లలకు సైన్స్ గ్రూపు పెట్టాలని. ల్యాబ్ ఉంది, సంఘం సామాను ఇస్తుంది, చెప్పడానికి తనుంది. మేరాజ్ బేగం చివరికి ఒప్పుకుంది. గ్రూపు మొదలైన రోజున పిల్లలు ఆ పాత గదికి కాగితపు తోరణాలు కట్టారు.

అదే ఏడాది విదేశీ కుటుంబాల మీద లెవీ అని సౌదీ సర్కారు పన్ను వచ్చింది. భార్యకింత, ఒక్కో బిడ్డకింత అని నెలనెలా కట్టాలి. ఏటికేడూ పెరుగుతుందని ముందే చెప్పేశారు. మరోపక్క, సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలు ఇవ్వాలనే నితాఖత్ లెక్కల్లో ఎర్ర రంగులో పడ్డ కంపెనీలు బయటి మనుషుల్ని తీసేస్తున్నాయి. మగవాళ్లు పాత ఊరు బలద్‌లో పడకకింత అద్దె కట్టే గదుల్లోకి మారి, భార్యాబిడ్డల్ని మళ్లీ తిరిగి రాని ఎగ్జిట్ వీసా మీద ఇళ్లకు పంపేశారు. వారం గడిస్తే ఎవరో ఒక పిల్ల వచ్చి, "రేపు పోతున్నాం టీచర్," అని చెప్పేది. ప్లస్ టూకు వచ్చేసరికి సైన్స్ గ్రూపులో ఒక బెంచీకి సరిపడా పిల్లలే మిగిలారు. సృజన పరీక్షలు అయ్యేదాకా ఎలాగో ఉంచుతానన్నాడు లింబాద్రి.

దస్తగిరి కూడా ఇంట్లో మాట ఎత్తాడు.

"నేనూ మిమ్మల్ని పంపించుకోవాల్సిందే మే. ఇంకెన్నాళ్లు లాగేది?"

"ఈ పిల్లోళ్ల పరీక్షలు కానీ. ఇప్పుడు నేను పోతే ఆ గది మూసేస్తారు," అంది మదార్బీ.

డిసెంబరులో ఒక ఉదయం గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను పలుచన చేయడం చూపించబోతోంది. బీకరులో కొద్దిగా యాసిడ్ పోసి బల్ల మీద పెట్టింది. పిల్లలంతా రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఇంతలో ఆయా సుగ్రా బేగం తలుపు తోసుకుని వచ్చింది.

"టీచర్, జల్దీ! కార్మిక శాఖోళ్లొచ్చారు. ఇటే వస్తన్నారు!"

"ఎవ్వరూ ఏదీ ముట్టుకోవద్దు. అట్లే కూర్చోండి," అని చెప్పి మదార్బీ వెనక గేటు దారి పట్టింది.

ఆమె వెళ్లగానే ఆడపిల్లల సెక్షన్ చూసే సూపర్‌వైజరమ్మ వచ్చి ఎదురుగా ఉన్న సామాన్లు చూసి హడలిపోయింది. టీచరు లేకుండా ఇవన్నీ ఏమిటని తనిఖీవాళ్లు అడిగితే ఏం చెప్పాలి? వెంటనే అంతా తీసెయ్యమంది. పిల్లలు కళ్లద్దాలు తీసి పెట్టెలో పడేశారు. సృజన బీకరు కడిగేద్దామని కుళాయి కింద పెట్టి తిప్పింది. యాసిడ్ మీద నీళ్లు పడగానే సలసల మరిగి ఆమె ముఖం మీదికి చిమ్మింది.

వ్యాను మెట్టు ఎక్కుతున్న మదార్బీకి కేక వినిపించింది. డ్రైవరు వద్దన్నాడు. ఆమె వినకుండా వెనక్కి పరుగెత్తింది. సృజన తలను కుళాయి కిందికి వంచి, వేళ్లతో రెప్పలు విప్పి, కంట్లోకి నీళ్లు వదులుతూ ఉండిపోయింది. పిల్ల గింజుకుంటోంది. తనిఖీకి వచ్చిన ఇద్దరు సౌదీ ఆడవాళ్లు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. ఒకామె గబగబా వచ్చి సృజన భుజాలు కదలకుండా పట్టుకుంది. రెండో ఆమె మదార్బీని అడిగింది.

"నువ్వెవరు? ఇఖామా ఏది?"

"ఈ పిల్లకు టీచర్ని," అంది మదార్బీ, కుళాయి కింద నుంచి చెయ్యి తీయకుండా.

అంబులెన్సు వచ్చేదాకా భుజాలు పట్టుకున్న మనిషే, తర్వాత మదార్బీ పేరూ వివరాలూ రాసుకుంది.

ఆ పేరుగల టీచరు తమ దగ్గర లేదని స్కూలు చెప్పింది. ఏదో సంఘం తరఫున అనుమతి లేకుండా లోపలికి వచ్చిందనీ, ఆ రసాయనాలు వాళ్లవేననీ చెప్పింది. ఉదయకిరణ్‌ను కంపెనీవాళ్లు పిలిచి గట్టిగా హెచ్చరించారు. అంతటితో సంఘం ఆగిపోయింది. దస్తగిరికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఫోన్ చేసి భార్యాబిడ్డలకు ఎగ్జిట్ కొట్టమన్నాడు. మేరాజ్ బేగం ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తలేదు.

సృజన కుడి కన్ను బాగుపడింది. ఎడమ కంటికి వెలుతురు తప్ప ఏమీ కనిపించడం లేదు.

ప్రయాణానికి ముందు మదార్బీ వాళ్లింటికి వెళ్లింది. వెళ్లవద్దని దస్తగిరి చెప్పి చూశాడు. సృజన తల్లి భాగ్యలక్ష్మి తలుపు తీసి, కొంచెంసేపు అడ్డంగానే నిలబడి, తర్వాత పక్కకు జరిగింది.

"కోపం లేదని అనను టీచర్. ఉన్నది. పొల్లను గా యాసిడ్ ముంగట ఇడిసిపెట్టి ఎట్ల వోయినవ్?"

"పోకూడదమ్మా. పోయినా," అంది మదార్బీ.

సృజన మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ కంటి మీద కట్టు. "ముంగట నీళ్లు వోసి, దాంట్ల యాసిడ్ వోయాల్నట గద టీచర్. ఫోన్ల సూశ్న. మీరు గది చెప్పకముందే ఆయా పిలిశింది."

"బీకరు ముట్టకముందే చెప్పాల్సిన మాట అది," అంది మదార్బీ.

భాగ్యలక్ష్మి టీ పెట్టలేదు. పొమ్మని కూడా అనలేదు. లింబాద్రి డ్యూటీ నుంచి వచ్చే వేళయిందని తల్లి అన్నాక మదార్బీ లేచింది.

స్కూల్లో సైన్స్ గ్రూపు మూసేశారు. మిగిలిన పిల్లలు మగపిల్లల సెక్షన్ పేరు మీద పరీక్ష రాశారు. సృజన ఆ ఏడు రాయలేదు. తల్లితో ఆర్మూరు వెళ్లిపోయింది. దస్తగిరి బలద్‌లో పడకకింత అద్దె కట్టే గదికి మారాడు. మదార్బీ రాయచోటిలో ఓబులమ్మ అనే ఆమె నడిపే ప్రైవేటు స్కూల్లో చేరింది. కెమిస్ట్రీ తీసుకోమని ఓబులమ్మ ఎంత అడిగినా ఒప్పుకోలేదు. ఆరో తరగతికి లెక్కలు చెబుతోంది. బాగా చెబుతుందని పిల్లలు అంటారు. ఆమె మాత్రం గంట కొట్టినా, ఎవరు వచ్చి పిలిచినా, చివరి పిల్ల బయటికి వెళ్లేదాకా తరగతి గది వదలదు.