ఎనభై అయిదో కొక్కెం

పికెట్ స్టేట్ కాలేజీకి ఫుట్‌బాల్ కోచ్‌లు వస్తారు, పోతారు. వెర్లీన్ టాలీ మాత్రం ఎక్కడికీ పోదు. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే బల్ల, అదే ఫ్యాక్స్ మిషను. నలుగురు హెడ్ కోచ్‌లు ఆవిడ పెట్టిన కాఫీ తాగి, గెలిచినన్నాళ్లు గెలిచి, ఓడగానే పెట్టె సర్దుకున్నారు. ఇప్పుడున్న హ్యాచర్ అయిదోవాడు. మనిషి ఆరడుగుల మూడంగుళాలు, మనసు వెన్న, జ్ఞాపకశక్తి సున్నా. ఆయనకు గుర్తుండాల్సినవన్నీ వెర్లీన్ వెనక గోడమీద ఉంటాయి.

ఆ గోడమీద ఓ ఓక్ చెక్క. వెర్లీన్ మొగుడు హోయిట్, పోయే ముందు ఏడాది, దాన్ని నున్నగా చిత్రిక పట్టి ఎనభై అయిదు ఇత్తడి కొక్కేలు బిగించి ఇచ్చాడు. ఒక్కో కొక్కేనికి ఒక బిళ్ల, బిళ్లమీద ఓ ఆటగాడి పేరు. స్కాలర్‌షిప్ మీద ఎనభై అయిదుగురికి మించి ఒక్కణ్ణి కూడా ఉంచుకోకూడదు మరి. ఎనభై ఆరోవాడు ఎంత మొనగాడైనా సొంత డబ్బు పెట్టుకుని చదువుకోవలసిందే. దానికి తోడు ఇంకో మెలిక ఉంది. కొక్కేలు ఖాళీగా ఉన్నాయి కదా అని ఎంతమందినంటే అంతమందిని తెచ్చి తగిలించడానికి లేదు. ఏడాదికి కొత్తవాళ్లు పాతికమందే. బస్సులో ఎనభై అయిదు సీట్లున్నా, తలుపులోంచి ఏడాదికి పాతికమందినే ఎక్కనిస్తారన్నమాట. ఈ రెండు అంకెల మధ్య నలిగి కోచ్‌లు జుట్టు పీక్కుంటుంటే, వెర్లీన్ బిళ్లలు అటూ ఇటూ మార్చుకుంటూ హాయిగా ఉండేది. ఇరవై ఆరేళ్లలో ఒక్క బిళ్ల తప్పలేదని ఆవిడకు కాస్త గర్వం కూడాను.

ఆ గర్వం రెండువేల పద్నాలుగు జనవరిలో దిగిపోయింది.

క్వింటన్ ప్రూయిట్ అని ఊరి చివర కుర్రాడు. పద్దెనిమిదేళ్లు, నూట ముప్పై కిలోలు. ఎదుటివాణ్ణి తోస్తే వాడు వెళ్లి వాళ్ల బెంచీ మీద కూర్చునేవాడు. కానీ నిరుడు చీలమండ విరిగి సీజనంతా కుంటాడు కాబట్టి పెద్ద కాలేజీలేవీ వాడి మొహం చూడలేదు. చూసింది హ్యాచర్ ఒక్కడే. వాణ్ణి పెంచింది అమ్మమ్మ ఐడెల్. ముప్పై ఒక్కేళ్లు కోళ్ల ఫ్యాక్టరీలో రబ్బరు ఏప్రన్ కట్టుకుని రెక్కలు నరికి, వేళ్లు వంకర్లు పోయిన మనిషి. మనవడు ఆ ఏప్రన్ కట్టకూడదు, అంతే, ఆవిడకి ఇంకో కోరిక లేదు. స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ, రాకపోతే ఫ్యాక్టరీ. మధ్యలో ఇంకో దారి లేదు.

మా అలబామాలో కోచ్ ఒక కుర్రాణ్ణి నిజంగా కోరుకుంటే వాళ్లింటికొచ్చి భోంచేస్తాడు. ఫోన్లు ఎన్ని చేసినా, పొగడ్తలు ఎన్ని కురిపించినా, బల్ల దగ్గర కూర్చుని రెండోసారి వడ్డించుకుంటేనే లెక్క. అందుకే వెర్లీన్ ప్రతి జనవరిలాగే కోచ్ వెళ్లాల్సిన ఇళ్ల జాబితా టైపు చేసింది. గురువారం సాయంత్రం అయిదింటికి ఐడెల్ ప్రూయిట్ ఇల్లు. చేతికి అలవాటైన పని కదా, ఆలోచించకుండా చేసేసింది.

గురువారం నాలుగూ నలభైకి నిబంధనల ఆఫీసునుంచి ఓ చీటీ వచ్చింది. ఆ నెలలోనే చేరిన మిసిసిపీ కుర్రాణ్ణి వెర్లీన్ నిరుటి పాతికలో కలిపేసింది. నిరుటి పాతిక అప్పటికే నిండిపోయిందట. అంటే వాడు ఈ ఏటి లెక్కలోకి వస్తాడు. ఇరవై నలుగురు అనుకున్నది పాతికైంది. పాతికోవాడనుకున్న క్వింటన్ ఇరవై ఆరోవాడయ్యాడు. వెర్లీన్ గోడ వంక చూసింది. చివరి కొక్కెం ఖాళీగానే ఉంది, కానీ తలుపు మూసుకుపోయింది.

అయితే తలుపు మూసుకుపోయినా కిటికీ ఒకటుంది. ఈ వృత్తిలో దాన్ని నీలి చొక్కా అంటారు. కుర్రాడు మామూలుగా వచ్చి కాలేజీలో చేరతాడు, ఆగస్టులో మొదటి ప్రాక్టీసు మొదలయ్యాక వాడికి స్కాలర్‌షిప్ ఇస్తారు, వాణ్ణి వచ్చే ఏటి పాతికలో లెక్కిస్తారు. అంతా సవ్యమే. కాకపోతే వాడు కాలేజీ వెంటపడిన కుర్రాడై ఉండకూడదు. కాలేజీ ఖర్చుతో వాణ్ణి పిలిపించుకోకూడదు, వాడికి రాతపూర్వకంగా మాటివ్వకూడదు, కోచ్ వాళ్లింటి గడప తొక్కకూడదు. గడప తొక్కాడా, కిటికీ కూడా మూసుకున్నట్టే. ఇంకో పావుగంటలో తొక్కబోతున్నాడు మహానుభావుడు.

వెర్లీన్ పదకొండుసార్లు ఫోన్ చేసింది. హ్యాచర్ బండి నడిపేటప్పుడు ఫోను కోటు జేబులో, కోటు వెనక సీట్లో. ఇక ఆవిడకున్న ఆశల్లా ఆయన మతిమరుపు మీదే. ఏ ఇంటికెళ్లినా ఆయన పోస్టు డబ్బా దగ్గర కారాపి, పుదీనా బిళ్ల నోట్లో వేసుకుని, ఆఫీసుకి ఫోన్ చేసి వాళ్ల కుక్క పేరేమిటని అడుగుతాడు. కుక్కని పేరుపెట్టి పిలిస్తే ఇల్లాలు సగం కరిగిపోతుందని ఆయన సిద్ధాంతం.

అయిదుకి రెండు నిమిషాలుండగా ఫోన్ మోగింది.

"వెర్లీనమ్మా, కుక్క పేరు బిస్కెటా, బటనా?"

"కారు దిగకండి కోచ్ గారూ."

"ఒక కాలు కింద పెట్టేశాను. ఆహా, మాంసం ఉడుకుతున్న వాసన ఇక్కడిదాకా వస్తోంది."

"ఆ కాలు తీసి లోపల పెట్టుకోండి. ముందు తలుపు వేసుకోండి."

"పెద్దావిడ వరండాలోంచి చెయ్యి ఊపుతోందమ్మా."

"మీరు ఊపకండి. కారు తిప్పుకుని వచ్చేయండి. తర్వాత చెబుతాను."

పాపం ఆయన తిప్పుకుని వచ్చేశాడు. ఆకలి మీద వచ్చాడు.

ఇక్కడ వెర్లీన్ కుర్చీలో కూలబడి అమ్మయ్య అనుకుంది. అక్కడ వరండాలో ఏం జరిగిందో మీరే ఊహించుకోండి. ఐడెల్ తెల్లవారుజామునే లేచి మాంసం నానబెట్టి, వెన్న చిక్కుళ్లు వండి, మొక్కజొన్న రొట్టె కాల్చి, పెళ్లినాటి పింగాణీ ప్లేటు తుడిచి బల్ల చివర పెట్టింది. కాలేజీ బొమ్మున్న కారు పోస్టు డబ్బా దాకా వచ్చింది. ఒక బూటు బయటికొచ్చింది. ఆ బూటు మళ్లీ లోపలికెళ్లింది. కారు వెనక్కి తిరిగింది. ఇంటిని చూసి, ఈ కొంపలో తింటానా అనుకుని పోయాడని కాక ఇంకేమనుకుంటుంది ఎవరైనా? లోపలికెళ్లి ఆ ప్లేటు బోర్లించింది. దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదంది. పికెట్ స్టేట్ పేరు ఇంట్లో ఎత్తొద్దని మనవడికి చెప్పి, సోమవారం ఫ్యాక్టరీలో వాడి పేరు రాయించడానికి వెళ్తానంది. క్వింటన్ గదిలోకెళ్లి తలుపేసుకున్నాడట.

హ్యాచర్ మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ పెట్టేసింది. ఆదివారం చర్చిలో వెర్లీన్, ఐడెల్ ఒకే బృందంలో పాడతారు, ముందు వరసలో ఒకరు, వెనక వరసలో ఒకరు. కానీ కాలేజీ గేటు బయట ఆఫీసువాళ్లు ఆటగాడి ఇంటివాళ్లతో ఫుట్‌బాల్ మాటెత్తారంటే అదో నేరం. వెర్లీన్ నోట్లో మామూలుగా నువ్వుగింజ నానదు, అలాంటిది ఆవేళ పెదాలు బిగపట్టుకుని నిలబడింది. పాట అయ్యాక ఐడెలే అంటించింది.

"మీ కోచ్ చేతులకి మా బల్ల మురికి అంటుతుందని భయపడ్డాడేమో. ఫ్యాక్టరీ వాళ్లు నయం వెర్లీనూ, గేటు తీసి లోపలికి రమ్మంటారు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పాటల పుస్తకాలు సర్దుకోవడం ఆపేశారు. తప్పు తనది, మాట పడింది కోచ్, నష్టపోతున్నది ఏ పాపం ఎరగని కుర్రాడు. వెర్లీన్‌కి ఏడుపొచ్చింది. చెప్పకూడదు, చెప్పకుండా ఉండలేదు. చివరికి ఒక్క ముక్క అంది.

"అక్కా, నీకు నన్ను తిట్టాలనుంటే రేపు పొద్దున మా ఆఫీసుకొచ్చి తిట్టు. నా బల్ల దగ్గర నిలబడి, అందరూ వినేట్టు."

ఐడెల్ ప్రూయిట్ జన్మలో తిట్టే అవకాశం వదులుకోలేదు. సోమవారం ఫ్యాక్టరీకి బయల్దేరినదల్లా ముందు కాలేజీ దగ్గర ఆగింది. చేతిలో చిలగడదుంపలతో కాల్చిన తీపి రొట్టె ఉంది. తిట్టడానికే వచ్చినా వట్టి చేతులతో రావడం ఆవిడకి చేతకాదు. ఆవిడంతట ఆవిడ, సొంత పెట్రోలు పోసుకుని, కాలేజీ ఆవరణలోకి వచ్చింది కాబట్టి ఇక ఎవరైనా ఏమైనా మాట్లాడుకోవచ్చు. వెర్లీన్ ముందు పావుగంట తిట్లు తిని, తర్వాత గోడ చూపించింది. కొక్కేలు, పాతిక, మిసిసిపీ కుర్రాడు, చీటీ, నీలి చొక్కా, అన్నీ చెప్పింది. తప్పు తనదేనని రెండుసార్లు చెప్పింది. మిమ్మల్ని కాదనుకుని తిరిగిపోలేదక్కా, మీ వాణ్ణి పోగొట్టుకోలేకే ఆకలి చంపుకుని తిరిగొచ్చాడంది. ఈలోగా హ్యాచర్ వచ్చి, కాగితం ప్లేటులో ఆ తీపి రొట్టె ముక్క పెట్టుకుని నిలబడే తినేశాడు, ఇంకో ముక్క కూడా తీసుకున్నాడు. ఐడెల్ దాన్ని ఓరకంట గమనించింది గానీ కరగలేదు.

"ఇంటికి రానంటావు, కాగితం ఇవ్వనంటావు. మరి ఏమిస్తావు నాయనా?"

"మాటిస్తానమ్మా."

"కోచ్‌ల మాట నాకు తెలుసు. వచ్చే ఏడు నువ్వుంటావో ఉండవో నీకే తెలీదు." ఐడెల్ వెర్లీన్ వైపు తిరిగింది. "నువ్వుంటావుగా. నువ్వివ్వు."

వెర్లీన్ గోళ్లు గీరుకునే ఆకురాయి తీసి, హోయిట్ బిగించిన ఎనభై అయిదో కొక్కేన్ని తిప్పి తిప్పి ఊడదీసి, చేతిసంచీలో వేసుకుంది. హ్యాచర్ నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. ఐడెల్ ఆ సంచీ వంక చాలాసేపు చూసి, ఫ్యాక్టరీకి వెళ్లకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఆరేడు నెలలు ఆ కొక్కెం వెర్లీన్ సంచీలో తాళాలతో, దగ్గు బిళ్లలతో కలిసి తిరిగింది. వెన్న మనసు కోచ్ ఊరుకుంటాడా? జులైలో ఒకరోజు గుమ్మంలో నిలబడి నసిగాడు. మూడేళ్లుగా సొంత ఖర్చుతో ఆడుతున్న కుర్రాడొకడున్నాడు, తండ్రి ఉద్యోగం పోయింది, వాడు పాత ఆటగాడే కాబట్టి పాతికతో గొడవ లేదు, ఎక్కడో ఒక కొక్కెం ఉండాలి కదా అన్నాడు. వెర్లీన్‌కి ఆ కుర్రాడంటే ఇష్టమే. రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్లేవాడు. అయినా బోర్డు మీద ఖాళీ లేదు కోచ్ గారూ, చూసుకోండి అంది. ఆయన బోర్డు దగ్గరికెళ్లి, చివరి వరసలో ఉన్న కొక్కెం ఊడిన చిన్న కన్నంలో వేలు పెట్టి కాసేపు నిలబడ్డాడు. నిజమే, ఖాళీ లేదు అని వెళ్లిపోయాడు. వెర్లీన్ ఆ మధ్యాహ్నం అన్నం తినలేకపోయింది. డిసెంబరులో ఎవరో ఒకరు కాలేజీ మారితే ఆ కుర్రాడి బిళ్లే ముందు తగిలించాలని రాసిపెట్టుకుంది, తగిలించింది కూడా. అయినా ఆవేళ మింగుడుపడలేదు.

ఆగస్టు మొదటి వారం, పొద్దున ఎనిమిదింటికి ప్రాక్టీసు విజిల్ ఊదారు. ఎనిమిదీ పదికి వెర్లీన్ కాగితాలు పట్టుకుని మైదానం కంచె దగ్గరుంది. క్వింటన్ చెమటలు కక్కుతూ వచ్చి సంతకం పెట్టాడు. పేరులో సగం చెమటకి చెరిగిపోతే రెండో కాపీ మీద మళ్లీ పెట్టించింది. గదికొచ్చి, అదే ఆకురాయితో కొక్కెం బిగించి, బిళ్ల తగిలించింది. చెక్క మీద చెయ్యి వేసి, చూశావా హోయిట్, నీ కొక్కెం మాట నిలబెట్టింది అంది. గదిలో ఎవరూ లేరు కాబట్టి కాస్త ఏడ్చింది కూడా.

ఇప్పుడు క్వింటన్ కాలేజీ కుర్రాడు. వాళ్లింటికెళ్లడానికి ఏ అడ్డూ లేదు. గురువారం సాయంత్రం అయిదింటికి కారు మళ్లీ ఆ పోస్టు డబ్బా దగ్గరాగింది. ఈసారి కుక్క పేరు అడగడానికి వెర్లీన్ పక్క సీట్లోనే ఉంది.

"బిస్కెట్," అంది ఆవిడ. "దిగండి, పరవాలేదు."

వరండాలో ఐడెల్ చెయ్యి ఊపలేదు, చూద్దామన్నట్టు నిలబడింది. రెండు బూట్లూ మెట్లెక్కేదాకా చూసి అప్పుడు తలుపు తీసింది. బల్ల మీద మాంసం, చిక్కుళ్లు, రొట్టె, అన్నీ జనవరిలో వండినవే మళ్లీ వండింది. బల్ల చివర ఆ పింగాణీ ప్లేటు ఇంకా బోర్లించే ఉంది. ఏడు నెలల దుమ్ము దాని వీపు మీద పేరుకుంది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదని క్వింటన్ మెల్లగా చెప్పాడు.

హ్యాచర్ చొరవగా ఆ కుర్చీ వైపు నడిచాడు. ఐడెల్ అడ్డం వచ్చింది. ప్లేటు తిప్పి, ఏప్రన్ కొంగుతో రెండు వైపులా తుడిచి, మొదటి ముక్క దాంట్లోనే వడ్డించింది.

"ఇక్కడ కూర్చో వెర్లీనూ," అంది. "కోచ్ గారూ, మీకు కాగితం ప్లేటు."