జువ్వి చెట్టుకు వేలాడిన మూట

ప్రకృతి ఒడిలో పడుకోవాలంటే ముందు ప్రకృతి మన మీద పడకుండా చూసుకోవాలట. అందుకని చెట్ల మధ్య కట్టుకునే హ్యామక్‌తో పాటు దాని వాన కవరు, దోమతెర, చుట్టూ జిప్పు అన్నీ కొనుక్కుని రావులపాలెం దగ్గర ఏటిగట్టు మీద దిగాను. ఒక జువ్వి చెట్టుకీ, పక్కనున్న కొబ్బరి చెట్టుకీ కట్టి, లోపల దూరి జిప్పు లాగేసుకున్నాను. మధ్యాహ్నం వాన మొదలైంది. చుక్క లోపలికి రాలేదు. గాలీ రాలేదనుకోండి, అది వేరే విషయం.

ఇంతలో బయట ఒకావిడ గొంతు వినిపించింది. "ఎవరి గేదె ఈనిందో గానీ, ఎంత పెద్ద మూట కట్టారమ్మా!"

జిప్పు తీసి, చెమటలు కక్కుతూ తల బయటపెట్టాను. గొడుగు కింద నిలబడ్డ ఆ పెద్దావిడ అరవలేదు, పారిపోలేదు. గోదావరి జిల్లా కదా, ముందు మర్యాద.

"అయ్యో, లోపల మనిషున్నారాండి! గేదె మాయ అనుకున్నానండి. ఏమీ అనుకోకండేం."

గేదె ఈనాక పడే మాయని గోనెసంచిలో మూటకట్టి, జువ్విలాంటి పాలు కారే చెట్టుకి వేలాడదీస్తారట. తలెత్తి చూస్తే నా పైకొమ్మకే రెండు మూటలున్నాయి. ఇందాక హ్యామక్ కడుతూ అడవి వాసన అనుకుని నేను గుండెల నిండా పీల్చుకున్నది వాటినే.

"అలా కడితే గేదె పాలు బాగా ఇస్తుందండి. వాటిలో ఒకటి మా గేదెదేనండి," అంది. తర్వాత నన్నూ, నా కవరునీ కాసేపు చూసి, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "మరి తమరెందుకు వేలాడుతున్నారండి?"

హ్యామక్ కంపెనీవాళ్ళ ప్రకటన మొత్తం నాకు కంఠతా వచ్చు. అయినా జిప్పు పూర్తిగా తీసి కిందికి దిగాను.

గట్టు కిందే ఉన్న వాళ్ళింటి అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అక్కడా వాన పడలేదు. పైగా గాలి ఉంది, జిప్పు లేదు. కాఫీలో పాలు మాత్రం భలే చిక్కగా ఉన్నాయి. ఆ చెట్టుకి కట్టిన మూటల్లో ఒకటైనా పనిచేస్తోందన్నమాట.