వాడబెట్టని నాలుగు సాళ్ళు

మా పులివెందుల మామ పోయాడు. ఆ కబురు వచ్చేటప్పటికి నేను ప్రొద్దుటూరులో మా ఇంట్లో, మా అమ్మాయి గది తలుపు బయట టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"వదినా, నాయన పోయినాడు. తెల్లార్తో తోటలోకి పోయొస్తానని లేసినోడు ఆ వసారాలోనే కూలబడ్నాడు" అన్నాడు మామ కొడుకు ఫోన్లో.

తలుపు అవతల మంచం కిర్రుమంది. పాప మేలుకునే ఉంది. ఈ మాట దానికి ఎట్లా చెప్పాలి? పాప విషయంలో ఏ సందేహం వచ్చినా నేను ఫోన్ చేసేది మామకే. వేలు అలవాటుగా ఆయన నంబరు మీదికి పోయి ఆగింది. టీ చల్లారిపోయింది. చెప్పలేకపోయాను. మా ఆయన జమ్మలమడుగు ఆఫీసుకు సెలవు చెప్పి పాప దగ్గర ఉండిపోయాడు. నేను ఒక్కదాన్నే బస్సెక్కాను.

మామ మా అమ్మకు తమ్ముడు, చీనీ తోట రైతు. బయటి ఊళ్ళవాళ్ళు బత్తాయి అంటారు కానీ మాకు అది చీనీయే. గొంతు పెద్దది. ఆయన మాట్లాడితే కొత్తవాళ్ళు కొట్లాట అనుకునేవారు. పాప పదో తరగతిలో బడికి పోవడం మానేసి, తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు మామ అన్న మొదటి మాట ఇక్కడ రాయకపోతే ఆయన్ని నేను పటం కట్టినట్టే అవుతుంది. "రెండు పీకితే అదే లేస్తాది. మీరు గారాబం జేసి చెడగొడ్తాండారు" అన్నాడు. ఆ మాటకు పాప దుప్పటి తల మీదికి లాక్కుంది. మామ ఆ దుప్పటి వంక చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలైంది. కర్నూలులో ఆందోళన అన్నారు. తిరుపతిలో డిప్రెషన్ అన్నారు. బెంగుళూరులో బైపోలార్ కావచ్చన్నారు. ఇంకొకాయన, చిన్న వయసు, ఇప్పుడే ఏ పేరూ ఖాయం చేయలేం, చూద్దాం అన్నాడు. వాళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. తెలిసినంత చెప్పారు. చెప్పిన ప్రతి పేరునూ నేను చదివాను. యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని, చదివితే తెలుస్తుందనే నమ్మకం ఎక్కడో మిగిలి ఉండింది. చదివిన ప్రతి పేరూ పాపకు సరిపోయేది. కొంచెం మిగిలిపోయేది కూడా.

మేము తిరిగొచ్చిన వారానికల్లా మామ బస్సు దిగేవాడు, చేతిలో గోతాం సంచి నిండా చీనీకాయలతో.

"ఏమ్మీ, ఈ తూరి ఏం పేరు జెప్పినారు?"

"పాత పేరు కాదేమో అంటాండారు మామా."

"మందులో?"

"మార్చినారు."

"ఊ. పేరు సంగతి అట్లుండనీ. పాప తినిందా?"

ఎప్పుడూ అదే ప్రశ్న. తిన్నది అంటే ముఖం విప్పేవాడు, లేదంటే చెప్పులు విడిచి పాప గది బయట నేల మీద కూర్చునేవాడు. తలుపు తట్టడు, పిలవడు. బొటనవేలి గోరుతో చీనీ తొక్క చీల్చి, తొనలు విడదీసి స్టీలు తట్టలో పెట్టేవాడు. ఇల్లంతా ఆ వాసన. అది తలుపు కింది సందులోంచి లోపలికి పోతుందని ఆయన లెక్క.

"లోపలుండేది పిల్లి గాదు మామా, వాసనకు బయటికొచ్చేదానికి" అన్నాను ఒకసారి, విసుగ్గా.

"నాకు ఇదొక్కటే తెల్సునమ్మీ. నువ్వు సదువుకున్నేదానివి, నీకు ఇంగేమన్నా తెలిస్తే జెయ్. నేనేం అడ్డమొస్తాండానా?"

నాకూ ఇంకేమీ తెలియదు. ఒక్కోరోజు తలుపు తెరుచుకుని ఒక చెయ్యి తట్ట లోపలికి లాక్కునేది. చాలా రోజులు తెరుచుకునేది కాదు. అప్పుడు ఆ తొనలు తానే తినేసి, "తీపుండాయి" అని తలుపుకు చెప్పి, సాయంత్రం బస్సుకు పోయేవాడు.

ఒక చలికాలం గాలి మార్పుకని పాపను తోటకు తీసుకుపోయాను. చీనీ చెట్లకు నీళ్ళు ఆపే కాలం అది. కొన్ని వారాలు నీళ్ళు ఆపేసి, ఆకులు ముడుచుకుని రాలేదాకా చెట్టును వాడబెడతారు. తర్వాత ఒక్కసారిగా నీళ్ళు విడిస్తే చెట్టంతా పూత పడుతుంది. మా వైపు చీనీ రైతులందరూ చేసే పనే. పక్కనున్న అరటికి మాత్రం నీళ్ళు పారుతూనే ఉంటాయి కాబట్టి మోటారు ఆడుతుంది, చీనీ వైపు వాల్వులు మూసి ఉంటాయి.

రెండోరోజు పొద్దున మామ కేక విని ఉలిక్కిపడి లేచాను.

"ఎవుర్రా వాల్వు తిప్పింది?"

గట్టు పక్క నాలుగు సాళ్ళు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. పనివాళ్ళు మొహాలు చూసుకుంటున్నారు. పాప బురద కాళ్ళతో ముందుకొచ్చింది.

"నేనే తాతా."

"ఏంటికి?"

"వాటికి దప్పికయితాంది."

"అయిపాయ! ఆ నాలుగు సాళ్ళు ఈ యేడు పూసినట్లే!" అని మా అత్త నెత్తి కొట్టుకుంది. నేను పోయి పాప పక్కన నిలబడ్డాను. మామ ఏమంటాడో, పాప మళ్ళీ గోడవైపు తిరుగుతుందేమో.

"దప్పిక గావాలనే ఆపినాం పాపా. మళ్ళ తాపుతాం గదా" అన్నాడు మామ, గొంతు తగ్గించి.

"మళ్ళ తాపుతారని వాటికెట్ల తెలుస్తాది?"

నెలల తర్వాత మా అమ్మాయి నోట వచ్చిన పొడుగు మాట అది. మామ గట్టు మీద కూర్చున్నాడు. తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"తెల్దు" అన్నాడు.

ఆ తర్వాత ఆ నాలుగు సాళ్ళకు ఎప్పుడూ నీళ్ళు ఆపలేదు. అవి వాటి ఇష్టమొచ్చినట్టు పూసేవి. ఒక కొమ్మకు పూత, ఇంకో కొమ్మకు పిందె, ఎక్కడో రెండు పండిన కాయలు. తోట చూడవచ్చిన వ్యాపారి, "ఏందన్నా, ఈ చెట్లకు కాలం, కార్తె ఏమీ లేవా?" అని నవ్వేవాడు. "లేవప్పా. నీకు కావల్సింది ఆపక్క ఉండాది, పో" అనేవాడు మామ. మా ఇంటికి వచ్చే సంచిలో కాయలు మాత్రం ఆ సాళ్ళవే.

ఆ చలికాలం తర్వాత పాప బాగుపడింది అని రాయగలిగితే ఎంత బాగుండేది. కొన్ని వారాలు బాగుంది. కాలేజీలో కూడా చేరింది. తర్వాత మునుపటి కంటే చెడ్డ నెలలు వచ్చాయి. ఆ నాలుగు సాళ్ళ వల్ల ఏమైనా జరిగిందా, ఏమీ జరగలేదా? నాకు తెలియదు. మామను అడిగితే, "నేనేమన్నా వైద్యం జేసినానా ఏంది? పాప అడిగింది, ఇడిసినా" అనేవాడు. మీలో ఎవరైనా ఇట్లాంటి తలుపు బయట కూర్చుని ఉంటే, పక్కన ఇంకొక మనిషి కూర్చోవడం అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

మట్టి చేసి వచ్చాక మామ కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. చుట్టూ నీళ్ళు ఆపిన తోట ఆకులు ముడుచుకుని బూడిద రంగులో ఉంది. గట్టు పక్క నాలుగు సాళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి.

"వదినా, తప్పుగా అనుకోవద్దు. ఈ యేటి నుంచి వీటికి గూడ ఆపుదామనుకుంటాండా. నాయనుంటే వేరే. ఏమంటావు?"

అతనిలో తప్పేమీ లేదు. రైతు అట్లాగే అడుగుతాడు.

"పాపకు ఇంకా చెప్పలేదప్పా. ఈ ఒక్క యేడు ఉండనీ" అన్నాను.

"ఆ తర్వాత?"

నేను వంగి, కింద రాలిన కాయ ఒకటి ఏరాను. అతను ఇంకేమీ అడగకుండా ఆ సాళ్ళలో తిరిగి, దొరికిన కాయలు కోసి, మామ తెచ్చే గోతాం సంచిలోనే వేసి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి, స్నానం చేసి, తలుపు బయట నిలబడి చెప్పాను. "పాపా, పులివెందుల తాత పోయినాడమ్మా."  మళ్ళీ చెప్పాలా, తలుపు తొయ్యాలా, ఊరికే ఉండాలా? లోపలి నుంచి గొంతు వినిపించింది.

"నీళ్ళు ఎవురు ఇడుస్తాండారు?"

"తాత కొడుకు, మీ మామ ఇడుస్తాండాడు. చెప్పొచ్చినా."

 పాప ఏడ్చిందో లేదో నాకు తెలియదు.

ఇది రాస్తున్న రోజు కూడా తలుపు మూసే ఉంది. మామ కూర్చునే చోట కూర్చుని ఒక చీనీకాయ ఒలిచాను. నాకు ఆయనంత గోరు లేదు. తొక్క ముక్కలుముక్కలుగా ఊడింది, రసం కారి మోచేతి దాకా వచ్చింది. వాసన మాత్రం అదే. తట్ట తలుపు దగ్గరకు జరిపాను. తొనల పై పొర మెల్లగా ఆరిపోతోంది. సంచిలోకి చెయ్యి పెట్టి ఇంకొక కాయ తీసుకున్నాను.