నంబరు వేసిన రాయి

1969 జూన్, మొదటి బుధవారం. స్థలం: కోరుట్ల. ఉన్నవారు: నేను, మేనమామ, అత్తయ్య.

మొన్న జగిత్యాలలో ఎముకల డాక్టరు నా ఎడమ మణికట్టు ఎక్స్‌రేని వెలుగుకు పెట్టి చూసి, "ఇది ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది సార్, ఎప్పుడు విరిగింది?" అని అడిగాడు. ఇంటికి పోయి చూసి చెబుతానన్నాను. ఆయన నవ్వాడు గానీ నేను హాస్యమాడలేదు. కాలేజీలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. ప్రతి పేజీ తేదీతోనూ, ఆ రోజు దగ్గర ఉన్నవారి జాబితాతోనూ మొదలవుతుంది. పై వరుస చెయ్యి విరిగిన నాటి పేజీలోది. నా డైరీల్లో నేను తెలిసి తప్పు రాసిన పేజీ అదొక్కటే. ఆ రోజు మాతో నాలుగో మనిషి ఉన్నాడు. అతడిని కావాలనే రాయలేదు.

అతడు సిరిసిల్లవాడు, మగ్గం ఇంట్లో పుట్టి మెట్రిక్ దాటిన మొదటి మనిషి, ఎమ్మెస్సీ జియాలజీలో నా సహాధ్యాయి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో యూనివర్సిటీ మూతపడింది. రాళ్ళు సమ్మె చేయవు కదా అని మేమిద్దరం జగిత్యాల, కోరుట్ల మధ్య గుట్టలు పట్టుకుని తిరిగి, పరీక్షకు ఇవ్వాల్సిన పటం గీసుకుంటున్నాం. నలభై రోజుల పని. కొట్టి తెచ్చిన ప్రతి రాయి మీద తెల్ల పెయింటు చుక్క, దాని మీద నల్ల సిరాతో నంబరు. నా నోటుబుక్కులో ఆ నంబరుకు ఎదురుగా గుట్ట పేరు, దిక్కు, వేళ, రాయి ఎవరికి దొరికిందన్న సంగతి. ఆఖరి గడి అవసరం లేదని అతడు నవ్వేవాడు. "నువ్వు సచ్చినంక యమునికి సుత రసీదు అడుగుతవ్ రా" అనేవాడు.

ఆ బుధవారం రెండు గోనెసంచుల రాళ్ళు బస్సు మీద వేసుకుని జగిత్యాల నుంచి కోరుట్లలో మా మేనమామ ఇంటికి బయలుదేరాం. కోరుట్ల పొలిమేరలో రోడ్డుకడ్డంగా ఎడ్లబండ్లు, మండుతున్న టైర్లు, వందల మంది కుర్రవాళ్ళు. అవతల లాఠీలు, తుపాకులతో పోలీసులు. కండక్టరు అందరినీ దింపి, సామాను కూడా దింపించాడు. ఆ కుర్రవాళ్ళలో ఎవరో వచ్చి, "ఏందన్నా గీ సంచులల్ల?" అని అడిగారు. నా మిత్రుడు అబద్ధం ఎరుగడు. "రాళ్లు" అన్నాడు. అడిగినవాడు ఒక్క క్షణం నోరు తెరిచి, వెనక్కి తిరిగి, "ఓరి, మనకోసం రాళ్లు మోసుకొచ్చిండ్రు రా వీళ్లు" అని కేకేశాడు. ఒక సంచి మూతి అప్పుడే కోసేశారు. "నంబర్లు కలిసిపోతయ్, వేరేవి తీసుకోండ్రి" అని నేను బతిమాలాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పక్కన మనుషుల తలలు పగలబోతుంటే నాకు వరుస చెడుతుందన్న బెంగ.

లాఠీలు వచ్చి పడ్డాయి. ఎండిన కట్టె మీద గొడ్డలి పడ్డ చప్పుడు. బస్సు అద్దాలు రాలాయి. కళ్ళల్లో పొగ, కారం కొట్టినట్టు మంట. నెత్తి మీద పడబోయిన దెబ్బకు ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరగడం నొప్పి కన్నా ముందు చెవికి తెలిసింది. మా బస్సులోనే వచ్చిన ఒక ముసలామె, మెట్‌పల్లి పోవలసిన మనిషి, పరుగెత్తలేక నిలబడిపోతే ఆమె తల మీద కూడా కొట్టారు. నెత్తురు చీరె మీదికి కారింది. అంతదాకా రెండో సంచి మీద బోర్లా పడుకుని కాపలా కాస్తున్న నా మిత్రుడు లేచాడు, సంచిలో చెయ్యి పెట్టాడు, విసిరాడు. ఆ రాయిని గుర్తుపట్టాను. ముప్పై ఒకటో నంబరు. నాలుగు రోజుల కింద అతడికే దొరికింది, లోపల ఎర్రటి గార్నెట్లు దానిమ్మ గింజల్లా పొదిగి ఉంటాయి. అది ఒక కానిస్టేబుల్ కంటికి తగిలింది. అతడు మోకాళ్ళ మీద కూలి, రెండు చేతులతో ముఖం పట్టుకుని, అమ్మా అని ఒక్కసారే అరిచాడు. వేళ్ళ సందుల నుంచి నెత్తురు. ఆ తర్వాత తుపాకులు పేలాయి. సంచులు రోడ్డు మీదే వదిలేసి పొలాల వెంట పరుగెత్తి మేనమామ ఇల్లు చేరాం; అత్తయ్య నా చేతికి కట్టు కట్టింది.

సాయంత్రం మేనమామ బజారు నుంచి వచ్చి తలుపు గొళ్ళెం పెట్టాడు. ఆయన లెక్కల మాస్టరు. "గా పోలీసు పిలగాని కన్ను పోయిందట. పక్కన దొరికిన రాయి మీద నంబరు ఉన్నదట. గది ఏసినోన్ని దొరకబడితే బొక్కలు ఇరగ్గొడ్తరట" అని, నా కట్టు చేతి కేసి కాదు, నోటుబుక్కు కేసి చూశాడు. నా మిత్రుడు గోడకు ఆనుకుని, "నేను పోయి చెప్త మామా" అన్నాడు. "కూసో" అంది అత్తయ్య. "చెప్పినంక గా పోరనికి కన్నొస్తదా?" నోటుబుక్కు నేనే ఆమె చేతికిచ్చాను. ముప్పై ఒకటికి ఎదురుగా అతడి పేరు, గుండ్రటి నా చేతిరాతలో. ఆమె పేజీ పేజీ చింపి పొయ్యిలో పెడుతూ, "ఎన్ని దినాల పని అల్లుడా?" అని అడిగింది. చెప్పాను. ఇంకో పేజీ చింపింది.

మరుసటి ఉదయం తలుపు తన్ని నలుగురు పోలీసులు వచ్చారు. కాలేజీ పిల్లలున్న ఇళ్ళన్నీ వెతుకుతున్నారు. పెద్ద అధికారి చేతిలో ఆ రాయి. "ఏం చదువుతున్నరు వీళ్లు?" అన్నాడు. "ఎమ్మెస్సీ. లెక్కలు" అన్నాడు మేనమామ. అధికారి నా దగ్గరికి వచ్చాడు. "రాళ్ల మీద నంబర్లెవలేస్తరు?" "మైలురాళ్ల మీద ఏస్తరు సార్" అని నోరు జారింది. విరిగిన చేతి మీదే లాఠీ దించాడు. నేల మీద పడ్డాను. "సార్" అంటూ నా మిత్రుడు ముందుకు అడుగేశాడు. అత్తయ్య అతడి చొక్కా వెనక నుంచి పట్టుకుంది. అధికారి రాయి మీది ఎర్రటి మచ్చలను బొటనవేలికి ఉమ్మి తడి చేసుకుని రుద్దాడు. పోలేదు. "గిది నెత్తురేనా?" అని నన్నే అడిగాడు. "తెలువదు సార్" అన్నాను. ఆ రాయి పుట్టుక, లోతు, వేడి, అన్నీ తెలిసినవాణ్ణి. ఇంకోసారి కొట్టి, వరండాలో కుండలు పగలగొట్టి వెళ్ళిపోయారు.

నా మిత్రుడు అన్నం ముట్టలేదు. "గా కన్ను పోయినోడు మన ఈడోడే రా" అన్నాడు, అంతే. మర్నాడు మొదటి బస్సుకు సిరిసిల్ల వెళ్ళిపోయాడు, యూనివర్సిటీ తెరిచినా తిరిగి రాలేదు, తండ్రి పక్కనే మగ్గం ఎక్కాడు. రాళ్ళ వయసును కోట్ల ఏళ్ళలో లెక్కకట్టడం నాకు ఉద్యోగమైంది గానీ, ఆ ఒక్క పొద్దులోనే అతడు ఎన్నేళ్ళు పెద్దవాడైపోయాడో నాకు ఇప్పటికీ లెక్క తేలలేదు.