ఓబులేసన్నకు ఉంచిన అమెరికా విస్కీ

ఉదయం ఆరూ పదికి ప్రొద్దుటూరు బస్టాండులో టీ అంగడాయన మొదటి పాలు కాచి దించాడు. ఒక గ్లాసు తాగి జమ్మలమడుగు బస్సెక్కాను. ఒడిలో గుడ్డసంచి, అందులో టవలు చుట్టిన విస్కీ సీసా.

మా అన్న గుండెపోటుతో పోయి అప్పటికి నలభై రోజులు. కువైట్ నుంచి వస్తూ ఎవరో మధ్యలో విమానం మారేచోట కొని తెచ్చిచ్చిన ఆ అమెరికా సీసాను నాలుగేళ్లు బీరువాలో ఉంచాడు. పులివెందులలోని చిన్ననాటి స్నేహితుడు ఓబులేసు వస్తే తెరుస్తాననేవాడు. ఎన్నికలప్పుడు ఇద్దరూ చెరో పార్టీ అయ్యారు; మా వైపు పార్టీ అంటే కక్షలున్న వర్గం. ఓబులేసు రాలేదు, చావుకు కూడా. సీసా ఆయనకే చేరాలి. తీసుకుంటాడో లేదో తెలియదు.

పక్క సీటు పెద్దాయన సంచి చూశాడు. "అంత బద్రంగా పట్టుకున్యావు, బాంబులా ఏందప్పా?"

"సీసా."

"అట్లయితే ఇంగా బద్రంగా పట్టుకో."

ఏడింటికి జమ్మలమడుగు. ఉగ్గాని, బజ్జీ తిని, ఏడున్నరకు ముద్దనూరు మీదుగా పోయే పులివెందుల బస్సు పట్టుకున్నాను. విస్కీల రుచి గురించి రాయడం నా అలవాటు; మొన్న సాయంత్రం ఈ సీసా తెరిచి రుచి చూసి రాసుకున్న కాగితం తీశాను. అమెరికాలో, పీపాల్లో మాగిన విస్కీలో రుచిలేని ధాన్యపు సారా కలిపితే అది బ్లెండెడ్; ఇది ఆ రకమే. లేత తేనె రంగు. కాలిన చక్కెర వాసన. నాలుక మీద మొక్కజొన్న తీపి, కొంచెం చెక్క వగరు. మింగగానే ఏమీ మిగలదు.

పదింటికి ఓబులేసు ఇల్లు చేరాను. గేటు దగ్గర కాపలా ఉన్న ఆయన మనుషులిద్దరు సంచి వెతికారు. ఒకడు మూత తిప్పి చూశాడు.

"సీలు తీసిన సీసా తెచ్చినావేంది సారూ?"

అప్పుడు తెలిసింది నా తప్పు. ఆ రోజుల్లో ఎదుటి పార్టీ ఇంటికి తెరిచిన సీసా తీసుకుపోరు. పోతే, తెచ్చినవాడు ముందు తాగి చూపించాలి. విషం లేదని తేలేదాకా ఇంటాయన ఆగుతాడు.

ఓబులేసు బయటికొచ్చాడు. నేను గ్లాసు అడిగి కొంచెం పోసుకున్నాను. "ముందు నేను తాగుతానన్నా."

ఆయన నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. "నువ్వు తాగినాక తాగితే, మీ అన్నను నమ్మనట్లే గదా అబ్బీ."

"వద్దన్నా," అన్నాడు గేటు దగ్గరివాడు.

ఆయన నీళ్లు కలపకుండా తాగేశాడు. 

"తియ్యగా ఉండాది. మంటే లేదు. మీ అన్నయితే నీళ్లు కలిపినారని కొట్లాటకు పోతాండె."

తర్వాత నాకూ పోశాడు. "మీ అన్న చావుకు బయల్దేరినా. ఈల్లు జీపుకు అడ్డం పడుకున్యారు. కడాన నన్నేమన్నా తలుచుకున్యాడా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "చివర్లో మా అన్నకు మాటే రాలేదన్నా. సీసా మాత్రం నాలుగేళ్లు ఎవర్నీ ముట్టుకోనీలేదు."

ఆయన చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఒంటిగంట బస్సుకు తిరుగు ప్రయాణం. సీసా ఆయన దగ్గరే ఉంది. విస్కీ సంగతి అడిగేవారికి నా మాట ఒకటే: తేలిక, తీపి, నిలవని రుచి, అదే పనిగా వెతకనక్కర లేదు. ఇదంతా పార్టీల కక్షల కాలం నాటిది. తెచ్చినవాడు ముందు తాగి చూపించడం ఆ వైపు ఇళ్లలో ఇప్పుడు ఎవరూ చేయరు.