నా జోడీ పాదం

హెలికాప్టర్ మమ్మల్ని దించి నిమిషం కూడా ఆగలేదు. ఉదయం ఎనిమిదీ ఇరవై. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున, సరిహద్దు మంచుకొండ మీద మా సైనిక పోస్టు. మైనస్ ఇరవై ఆరు. నేనేమో బోధన్ చెరకు తోటల ఎండలో పెరిగినవాణ్ణి. చలికాలమంటే ఒక రగ్గుతో సరి అనుకునేవాణ్ణి.

పోస్టులో హవల్దార్ సాబ్‌తో కలిపి ఐదుగురం. మిగతా నలుగురం రెండు జోడీలు. నా జోడీ మెషిన్‌గన్నర్, కమ్మర్‌పల్లి పసుపు రైతు కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. రోజూ సాయంత్రం నాలుగింటికి బూట్లు విప్పి ఒకరి కాళ్లు ఒకరం చూడాలి. చలికి మొద్దుబారిన కాలికి నొప్పి తెలియదు, అందుకే సొంత మాట చెల్లదు. చూశాక కింది పోస్టుకు రేడియోలో చెప్పాలి.

నేను బయలుదేరేటప్పుడు అమ్మ, "ప్రార్థన మరువకు బిడ్డా. బరువంత ప్రభువు మీద ఎయ్యి" అంది. ఇరవై రెండేళ్లవాణ్ణి, ఆ మాట తెగ నచ్చింది. నాకు చేతకానివే కాదు, బద్ధకమేసినవి కూడా ఆయన మీదే వేసేవాణ్ణి.

నలభై ఒకటో రోజు మంచుగాలి. గ్లవ్స్ తియ్యాలంటే ప్రాణం పోయేట్టుంది.

"నా కాళ్లు మంచిగనే ఉన్నయ్ తియ్" అన్నాడు జోడీ.

నేను స్లీపింగ్ బ్యాగులో దూరి, వాడి పేరు కూడా కలిపి ప్రార్థన చేసుకున్నాను. తర్వాత రేడియోలో, "కాళ్లు చూశాను. బాగున్నాయి" అన్నాను.

మర్నాడు నాలుగింటికి సాక్సు లాగితే వాడి ఎడమకాలి వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. గోరుతో నొక్కాను.

"ఏమన్న తెలుస్తుందా అన్నా?"

"ఏం తెలుస్తలేదురా."

హవల్దార్ సాబ్ వచ్చి చూశాడు. "నిన్న చూశావా?" అని హిందీలో అడిగాడు. చూశానంటే జోడీ కూడా ఔననేవాడే. ఆ అబద్ధం నా వల్ల కాలేదు.

"లేదు సాబ్. ప్రార్థన చేసుకుంటూ పడుకున్నాను."

తిట్టలేదు. "మీ ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడంటారు కదా. చొక్కా ఎత్తు" అన్నాడు. రుద్దితే చర్మం ఊడొస్తుందట. ఆ పాదాన్ని నా పొట్టకు ఆనించి పైన కోటు కప్పాడు.

రెండు గంటలు. మంచుగడ్డలాంటి ఆ మడమను రెండు చేతులతో పట్టుకున్నాను. "ప్రభువా, నా పని నేనే చేస్తాను, పక్కన ఉండు" అన్నాను. ఎదిగిన మనిషిగా నేను చేసిన మొదటి ప్రార్థన అదే. ఆరింటికి నా పొట్ట మీద బొటనవేలు కదిలింది. జోడీ, "మండుతుందిరా" అని ఏడ్చాడు. నొప్పి తెలిసినందుకు నేనూ ఏడ్చాను.

చిటికెన వేలి కొస పోయింది. మిగతావి దక్కాయి. వాడు ఒక్క మాటా అనలేదు, ఇప్పటికీ ఏటా మా ఇంటికి పసుపు పంపుతాడు. ఆ మంచితనానికి, ఆ హవల్దార్‌కు, నన్ను వదలని ప్రభువుకు ఎంత కృతజ్ఞత చెప్పినా తీరదు.

నూట పది రోజులకు దిగాం. నిజామాబాద్‌లో రైలు దిగి బస్సెక్కి బోధన్ చేరేసరికి సాయంత్రమైంది. బాపు అప్పుడే చెరకు కొట్టి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన మడమలు నెర్రెలిచ్చి ఉన్నాయి. అన్నేళ్లూ ఆ కాళ్లు సంపాదించిందే తిన్నాను, వాటిని చూసింది ఆ రోజే. వేడినీళ్లు తెచ్చాను.

"ఇదేందిరా" అని కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"సూడనియ్ బాపు."

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. సాయంత్రం నాలుగైతే, ఎక్కడున్నా, పొట్ట మీద ఆ చల్లటి పాదం తెలుస్తుంది. కాసేపటికి దాని బొటనవేలు కదులుతుంది.