చెరువుకి తోడు పెట్టిన చెయ్యి

మాది కోటబొమ్మాళి బజార్లో తవుడూ వేరుశెనగ చెక్కా అమ్మే కొట్టు. మా నాన్న హయాంలో తవుడు గేదెలకే పోయేది. ఇప్పుడు చేపలకి పోతోంది. చుట్టుపక్కల వరిమళ్లు తవ్వి చెరువులు చేసేశారు గనక, ఎవరి చెరువులో ఏం జరిగినా ఆ కబురు ముందు నా కొట్టుకే వస్తుంది. దేముడమ్మ సంగతి కూడా అలా తెలిసిందే. ఆవిడ మాట ఎత్తితే నాకు వాళ్ల ఊరి మీద కోపం వస్తుంది. వస్తే రానీ, చెబుతాను.

దేముడమ్మ రైతుబిడ్డ. పెళ్లయిన కొత్తలోనే మొగుణ్ణి పాము కరిచింది. పుట్టింటికి వచ్చి అన్న ఇంట్లో ఉండిపోయింది. వదిన పోయాక, అన్న కొడుకు మురళీమోహన్‌ని చంకన వేసుకుని పెంచింది. నాట్లకి ఆవిడే, కోతలకి ఆవిడే. చాకిరీకి అడ్డం రాని వైధవ్యం శుభకార్యానికి మాత్రం అడ్డం వచ్చేది. ఊళ్లో ఎవరు బయలుదేరుతున్నా ఆవిడ గడప లోపలే ఆగిపోవాలి. ఆఖరికి మురళీమోహన్ పెళ్లిలో కూడా పసుపు దంచే చోటికి రానివ్వకుండా వంటల పందిట్లో కూర్చోబెట్టారు. ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. కన్నీళ్లన్నీ ఉల్లిపాయల ఖాతాలో పోయాయి.

ఆ ఊళ్లో మొట్టమొదట చేపల చెరువు తవ్వించినది జగన్నాధం. పెద్ద రైతు, అంతకన్నా పెద్ద నోరు. తొలిసారి వల లాగిన రోజున కూలికి వెళ్లిన దేముడమ్మ మొదటి చేపని గట్టు మీద కోసి, పేగులు మళ్లీ నీళ్లలోకే విసిరి, "నీది నీకే తల్లీ" అంది. ఎందుకలా అన్నదో ఆవిడకే తెలీదు. నేల నుంచి తీసుకున్న దాంట్లో పిసరంత నేలకే వదలడం అలవాటైన చెయ్యి అది. మరుసటి పంటకి ఆ చెరువులో బొచ్చె చేపలు తెగబలిశాయి. ఆ యేడు వానలు బాగా పడ్డాయి, మేత అంతకంటే బాగా పడింది. మేత అమ్మినవాణ్ణి, నాకు తెలీదా? ఊరు మాత్రం దేముడమ్మ చెయ్యి మంచిదంది. లాభం కనిపిస్తే శకునం కూడా పక్కకి తప్పుకుని దారిస్తుంది.

అక్కణ్ణుంచి అదొక ఆచారమై కూర్చుంది. ఎవరు కొత్త చెరువు తవ్వినా, చేపపిల్లల్ని జగన్నాధం దగ్గరే కొనేవారు. పిల్లల్ని వదిలాక జగన్నాధం చెరువులో పెద్ద చేపనొకదాన్ని పట్టి, దేముడమ్మ చేత కోయించి, ఆ పేగుల్ని అదే చెరువు నీళ్లతో కుండలో పోసి, డప్పు కొట్టుకుంటూ కొత్త చెరువుకి తీసుకెళ్లేవారు. దేముడమ్మ ఆ కుండని నీళ్లలో వంచేది. దీన్ని చెరువుకి తోడు పెట్టడం అనేవారు. మంచి పెరుగు ఉన్న ఇంటి నుంచి తోడు తెచ్చుకుంటే మన పాలూ అంత గట్టిగా తోడుకుంటాయి కదా, చెరువూ అంతేనని వాళ్ల నమ్మకం.

ఆ రోజున దేముడమ్మని చూడాలి. ఉతికిన చీర కట్టుకుని, తలంటుకుని, డప్పు వెనకాల మొదటి మనిషిగా నడిచేది. ముత్తయిదువలు పక్కకి జరిగి దారిచ్చేవారు. ఓసారి తవుడు కోసం వచ్చి, తనంతట తనే నాతో అంది: "సావుకారూ, ఆ ఒక్క రోజే నాను మనిసిని."

నేను నవ్వేసి ఊరుకున్నాను. అందులో నవ్వడానికేమీ లేదని తరవాత తెలిసింది.

మొన్న వేసవిలో మురళీమోహన్ కూడా ఉన్న పొలమంతా తవ్వేశాడు. ఒకసారి చెరువు చేసిన మడి మళ్లీ వరికి అంత తేలిగ్గా రాదు. మునిగినా తేలినా చేపలతోనే. పెంచిన కొడుకు చెరువు కదా, తోడు పెట్టడానికి దేముడమ్మ ముందురోజు నుంచి ఉపవాసం ఉంది.

జగన్నాధం చెరువు గట్టు మీద ఆవిడ చేప పొట్ట కోసేసరికి పేగు ఉబ్బి ఉంది. చీరితే లోపల తెల్లగా, నాడాల్లాంటి పురుగులు, మెలికలు తిరుగుతూ. అన్ని చేపలు కోసింది గాని అంత పురుగు ఎప్పుడూ చూడలేదు. జగన్నాధాన్ని పిలిచి చూపించింది. గట్టు కింద లారీ ఆగి ఉంది, చేపలు కొనడానికి వచ్చినవాళ్లు పక్కనే ఉన్నారు. అతను గొంతు తగ్గించి, "సేపన్నాక పేగుల్ల పురుగుండదేటే? నోర్మూసుకుని పని సూడు" అన్నాడు.

ఊరంతా కుళ్లుకునే చెరువు అతనిది. అంతటివాడే పరవాలేదన్నాక తనెంత అనుకుంది. పేగులు కుండలో వేసింది. మురళీమోహన్ చెరువులో వంచింది. పిల్లచేపలు గుంపుగా వచ్చి కొరుక్కు తినేశాయి. అవి అలా ఎగబడితే మంచి శకునమని ఈలలు వేశారు.

వానలు వెనకపట్టేసరికి మురళీమోహన్ నా దగ్గర మేత కొనడం తగ్గించాడు. చేపలు తినడం లేదట. తలలు పెద్దవై ఒళ్లు పుల్లల్లా అయిపోయాయి, కొన్నిటికి పొట్టలు ఉబ్బాయి, పొద్దున్నే గట్టు వార తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నేనే చెప్పి, చేపల జబ్బులు చూసే అనూరాధ అనే అమ్మాయిని అక్కడికి పిలిపించాను. చిన్న వయసే గాని ఓపికైన మనిషి. గట్టు మీదే గొంతుక్కూర్చుని చేప తరవాత చేప కోసింది. ప్రతిదాని పేగులోనూ ఆ తెల్ల నాడాలే.

అప్పుడు అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఈ పురుగు చేప పేగుని పట్టుకుని, చేప తిన్నది తను తిని బతుకుతుంది. దాని గుడ్లు రెట్టతో నీళ్లలో పడతాయి. నీళ్లలో నలుసంత జీవులుంటాయి, అవి ఆ గుడ్ల నుంచి వచ్చినదాన్ని మింగుతాయి. వాటిని పిల్లచేప తింటుంది. ఇక పురుగు దాని పేగులో పెరుగుతుంది. జబ్బున్న చెరువు పిల్లల్ని కొని తెచ్చినా వస్తుంది, ఆ నీళ్లు తెచ్చి పోసినా వస్తుంది. పురుగున్న పేగునే తెచ్చి చేపలకి పెడితే ఇక చెప్పేదేముంది, విస్తరి వేసి వడ్డించినట్టే. బయటి నుంచి ఏమైనా తెచ్చి వేశారా అని అడిగితే, మురళీమోహన్ తోడు సంగతి చెప్పాడు. ఆ అమ్మాయి పేగులు సున్నం వేసి పాతెయ్యమంది, పిల్లల్ని కొనేముందు ఒకటి రెండు కోసి చూడమంది, చేపలకి మేతలో కలిపే మందు రాసిచ్చింది.

దేముడమ్మ అంతా నిలబడి వింది. ఆఖర్న, "అయితే నా సెయ్యి తప్పు నేదంతావా అమ్మా?" అంది.

చేతిది కాదమ్మా, పేగుది అని ఆ అమ్మాయి చెప్పింది. పక్కనే మురళీమోహనూ ఉన్నాడు, విన్నాడు.

కాని ఊరికి పురుగుల శాస్త్రం ఎందుకు? చేతిలో విధవ ఉండగా. సాయంత్రానికల్లా అనూరాధ చెప్పినదాంట్లోంచి ఒక్క ముక్కే మిగిలింది, దేముడమ్మ పెట్టిన తోడు వల్ల చేపలు పోయాయని. ముండమోసిన చేతిని నీళ్లలో పెట్టనిస్తే ఇంతే అన్నారు. నిన్నటిదాకా ఆ చేతి కోసం వరసలో నిలబడ్డవాళ్లే. అందరికంటే ముందు అన్నవాడు జగన్నాధం. తప్పు పేగుదంటే అతని పిల్లల్ని ఎవరు కొంటారు? నా కొట్టు మెట్ల మీద నిలబడే ఆ మాట అన్నాడు. పురుగు పుట్టింది నీ చెరువులో కదయ్యా అన్నాను. ఆ మర్నాటి నుంచి తవుడు వేరే కొట్టులో కొంటున్నాడు. పీడా పోయింది.

కార్తీకంలో గిరిబాబు అనే కుర్రరైతు కొత్త చెరువుకి తోడు పెట్టించుకున్నాడు. పిల్లలు జగన్నాధానివే, పేగులూ అక్కడివే. చెయ్యి మాత్రం మార్చారు. జగన్నాధం భార్య భాగ్యవతి, నిండు ముత్తయిదువ, పట్టుచీర కట్టుకుని కుండ పట్టుకుంది. మేత నాదే గనక నన్నూ పిలిచారు.

డప్పు గట్టెక్కేసరికి దేముడమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆడవాళ్లు గొల్లుమన్నారు, ఎదురొచ్చేసిందని. ఆవిడ పట్టించుకోలేదు. కుండ వంచవద్దని, అందులో పురుగుందని గిరిబాబుకి చెప్పింది. తనని పిలవలేదన్న కుళ్లు అని ఎవరో అన్నారు. అప్పుడు జనంలో ఉన్న మేనల్లుడి వైపు తిరిగింది.

"ఒరే మురళీ, ఆ పాప సెప్పింది నువ్వూ ఇన్నావు కదరా. సెప్పు ఈలకి."

మురళీమోహన్ మందు వేసి బతికించుకున్న చేపలు బక్కవి. వాటిని తన చేపలతో పాటు లారీకెక్కించి అమ్మిపెడతానన్నవాడు జగన్నాధం ఒక్కడే. అతను పక్కనే నిలబడి ఉన్నాడు. మురళీమోహన్ నేల చూశాడు.

"అత్తా, నువ్వు ఇంటికెల్లు."

ఆవిడ గట్టు దిగింది. నేనూ వెనకాలే దిగాను, ఆ పేరంటం చూసే ఓపిక నాకు లేదు. రోడ్డు దాకా నడిచి, అక్కడ ఆగి తన చేతులు రెండూ చూసుకుంది.

"మంచి సెయ్యన్నప్పుడూ అబద్దమే సావుకారూ, సెడ్డ సెయ్యన్నప్పుడూ అబద్దమే. పురుగుకి ఎవుల సెయ్యయితేనేటి? మంచిదన్నప్పుడు నానూ నమ్మీసినాను. అదే నా ఏడుపు."

ఆవిడ ఇప్పుడు అదే ఇంట్లో ఉంటోంది, అదే చాకిరీ చేస్తోంది. మేనల్లుడితో మాట్లాడదు. చెరువు వైపు వెళ్లదు.

సంక్రాంతి వెళ్లాక గిరిబాబు మేత తగ్గించాడు. చేపలు చిక్కిపోయాయి, పొట్టలు ఉబ్బాయి. పురుగు మందు ఉందా అని నా కొట్టుకి వచ్చాడు. మరి ఊళ్లో ఏమంటున్నారయ్యా అని అడిగాను. భాగ్యవతి చేతిని ఎవరూ ఏమీ అనలేదట. చేపలకి ఆ నీరు పడలేదంటున్నారట.